అరేబియా ఛాయాచిత్రాలు – తెలుగు యాత్రా విమర్శ: చట్రం వెలుపలి మనిషి

వ్యాస సంగ్రహం

అరేబియా ద్వీపకల్పంలోని పాత పట్టణాలు, సముద్రతీరాలు, ఎడారులు యాత్రికుల ఛాయాచిత్రాల్లో తరచు నిర్జనంగా కనిపిస్తాయి. ఈ నిర్జనత్వం ఆ ప్రదేశాల సహజ లక్షణం కాదనీ, అది ఛాయాచిత్రకళలో స్థిరపడిన ఒక రూపసంప్రదాయమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గల్ఫ్ దేశాలకు పని కోసం వెళ్ళిన తెలుగువారు ఇళ్ళకు పంపిన ఛాయాచిత్రాలను యాత్రా సాహిత్య విమర్శ తన పరిధిలోకి తీసుకోకపోవడానికి గల కారణాలను పరిశీలిస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' అనుసరించిన పద్ధతి ఆధారంగా ఈ చిత్రాలను చదవడానికి ఒక మార్గాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: యాత్రా సాహిత్యం, ఛాయాచిత్రం, గల్ఫ్ వలస, సంబోధ్యుడు, కాశీయాత్ర చరిత్ర, హద్రమౌత్, బార్కస్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులోని గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ పరిసరాల పాఠకుడికి అరేబియా ముందుగా ప్రయాణ సంస్థల ప్రకటన ఫలకాల మీద ఎదురవుతుంది. సాయంకాలపు వెలుగులో ఎర్రబారిన ఇసుకతిన్నె, దాని అంచున ఒంటెల వరుస, మరొక పక్క మట్టిగోడల పాత కోట. ఈ దృశ్యాల్లో మనుషులు ఉండరు. ఉన్నా ముఖం తెలియని నీడబొమ్మలుగా ఉంటారు. ఉద్యోగ పరీక్షల అభ్యర్థులతో రోజంతా నిండి ఉండే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఈ వీథులకు కూతవేటు దూరంలోనే ఉంది. అరేబియాను గురించిన పుస్తకాన్ని ఒక గ్రంథాలయంలో ఎక్కడ వెతకాలి అనే ప్రశ్న పైకి సామాన్యంగా కనిపిస్తుంది. కాని దానికి ఒక్క సమాధానం లేదు.

గ్రంథాలయాలు విస్తృతంగా అనుసరించే డ్యూయీ దశాంశ వర్గీకరణలో అరేబియా ద్వీపకల్పపు యాత్రలకు 915.3 సంఖ్య. అంతర్జాతీయ వలస 325లో చేరుతుంది. వలస కార్మికుల స్థితిగతులు 331.6 కిందికి వస్తాయి. గల్ఫ్ మీద ఒక తెలుగు కథకుడు రాసిన కథల సంపుటి 894.827లో తెలుగు సాహిత్యంతో ఉంటుంది. ఒకే ఎడారిని చూసిన ముగ్గురు మనుషులు మూడు అల్మారాల్లో విడివిడిగా కూర్చుంటారు. వర్గీకరణకు ఈ విభజన అవసరమే. అయితే సాహిత్య విమర్శ కూడా ఇదే విభజనను ఆలోచించకుండా స్వీకరించింది. సరదాగా వెళ్ళినవాడు 'యాత్రికుడు', పనికి వెళ్ళినవాడు 'వలస కార్మికుడు' అయ్యారు. మొదటివాడు తీసిన చిత్రం దృశ్యం. రెండవవాడు తీయించుకున్నది సామాజిక శాస్త్రానికి ఆధారం. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. 'యాత్ర' అనే మాట

విభజనకు మొదటి ఆధారం 'యాత్ర' అనే మాట మీద నేటి వాడుక మోపిన అర్థం. తీర్థయాత్ర, విహారయాత్ర, విజ్ఞానయాత్ర అన్న సమాసాల వల్ల 'యాత్ర' అంటే పుణ్యం, వినోదం, జ్ఞానం వీటిలో ఒకదాని కోసం చేసే గమనం అనే భావన స్థిరపడింది. బతుకుతెరువు ఈ జాబితాలో లేదు. కాని మాట చరిత్ర ఇంత ఇరుకైనది కాదు. గమనార్థకమైన 'యా' ధాతువు నుంచి వచ్చిన ఈ శబ్దానికి జీవనం, పోషణ అనే అర్థాలు కూడా ప్రాచీనమైనవే. భగవద్గీత మూడవ అధ్యాయంలో వచ్చే 'శరీరయాత్ర' శరీరాన్ని నిలుపుకోవడమనే అర్థంలో కర్మతో ముడిపడి ఉంది. 'లోకయాత్ర', 'జీవనయాత్ర' అనే మాటల్లోనూ ఈ ఛాయ ఉంది. ఆ అర్థవ్యాప్తిని గుర్తుచేసుకుంటే, కూలి కోసం సముద్రం దాటడాన్ని యాత్ర అనడానికి భాష అడ్డు చెప్పదు.

వలసవెళ్ళిన ప్రాంతాల వాడుక ఇందుకు భిన్నమైన మరొక విషయం చెబుతుంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతాల్లో 'దుబాయి పోయిండు' అంటే సౌదీకో, ఒమన్‌కో, ఖతర్‌కో పోయినా చెల్లుతుంది. ఇక్కడ 'దుబాయి' ఒక నగరం పేరుగా ఉండడం మానేసి ఒక జీవనస్థితికి పేరయింది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్ళిన స్త్రీల కుటుంబాల్లో 'కువైట్' అనే మాటకు ఇంచుమించు ఇదే పని. వీరి నిఘంటువులో అఖామా, కఫీల్, ఆజాద్ వీసా, ఖల్లివెల్లి, మజ్రా అనే మాటలున్నాయి. యాత్రికుడి నిఘంటువులో సఫారీ, సూక్, కోట, ఒయాసిస్సు ఉన్నాయి. ఒకే నేలను వర్ణించే రెండు పదజాలాల మధ్య ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేకపోవడం విమర్శకుడు ఆగి చూడవలసిన విషయం.

3. ఉద్యోగం మీద వచ్చిన యాత్రికులు

యాత్రికుడికి ప్రయోజనం ఉండదు, కార్మికుడికి ఉంటుంది అనేది విభజనకు రెండవ ఆధారం. అరేబియా ఛాయాచిత్ర చరిత్ర దీన్ని సమర్థించదు. మదీనా నగరపు తొలి ఛాయాచిత్రాలను 1861లో తీసిన ముహమ్మద్ సాదిక్ ఈజిప్టు సైన్యంలో ఇంజనీరు. దారి సర్వే చేసే విధిలో భాగంగా అతడు అక్కడికి చేరాడు. 1880లో యాత్రికుల బిడారుకు కోశాధికారిగా మళ్ళీ వెళ్ళి మక్కాను చిత్రించాడు. రుబ్ అల్ ఖాలీ అనే మహా ఇసుక ఎడారిని 1930–31లో దాటిన తొలి ఐరోపీయుడు బెర్ట్రమ్ థామస్ అప్పటికి మస్కట్ సుల్తాను కొలువులో వజీరు. అదే ఎడారిని 1946–48 మధ్య రెండుసార్లు దాటిన విల్‌ఫ్రెడ్ థెసిగర్‌ను 1945లో అరేబియాకు చేర్చింది మిడతల నివారణ సంస్థ ఉద్యోగం. మిడతలు గుడ్లు పెట్టే తావులను గుర్తించడం అతడికి అప్పగించిన పని.

వీరందరూ జీతం మీద, యజమాని అనుమతి మీద, ఒక పని నిమిత్తం అరేబియాలో తిరిగినవారు. అయినా థెసిగర్ 1959లో ప్రచురించిన 'అరేబియన్ శాండ్స్' ఇరవయ్యవ శతాబ్దపు యాత్రా రచనల్లో అగ్రశ్రేణిలో లెక్కకు వస్తుంది. అందులో తప్పు లేదు. కాని ఉద్యోగి రాసినది యాత్రా సాహిత్యం కాగలిగినప్పుడు, కూలివాడి కథనం ఎందుకు కాకూడదనే ప్రశ్నకు జవాబు కావాలి. ప్రయోజనం ఉండడమే అనర్హత అయితే అది అందరికీ వర్తించాలి. ఒకరికి వర్తించి మరొకరికి వర్తించకపోతే, కొలత ప్రయోజనానిది కాదు, హోదాది.

థెసిగర్ విషయంలో మరొక అంశం గమనించదగినది. అతడు తన తోటి బెదూ ప్రయాణికుల ముఖాలను దగ్గరగా, పేర్లతో సహా నమోదు చేశాడు. బిన్ కబీనా, బిన్ గబైషా అనే యువకులు అతడి పుస్తకంలో పాత్రలు. ఈ మేరకు అతడి ఎడారి నిర్జనం కాదు. అయితే మోటారు వాహనాన్నీ, చమురు తెచ్చిన మార్పునూ అతడు శత్రువులుగా చూశాడు. అవి అంటని లోకం అంతరించిపోతున్నదనే శోకం ఆ పుస్తకమంతటా వ్యాపించి ఉంది. తరువాతి విహారయాత్రికుల కెమెరా అతడి నుంచి శోకపు వర్ణాన్ని తీసుకుని, పేర్లను వదిలేసింది.

4. మూడు చట్రాలు: పట్టణం, తీరం, ఎడారి

నేటి అరేబియా యాత్రా ఛాయాచిత్రంలో మూడు దృశ్యాలు పదేపదే వస్తాయి. వాటిని వేరువేరుగా పరిశీలించాలి.

మొదటిది పాత పట్టణం. ఎర్రసముద్రపు పగడపు రాతితో కట్టిన జెడ్డా చారిత్రక నగరం 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చెక్కపనితో ముందుకు పొడుచుకొచ్చిన 'రోషన్' గవాక్షాలు అక్కడి ఇళ్ళ ప్రత్యేకత. 2019 సెప్టెంబరులో సౌదీ అరేబియా విహారయాత్రికులకు వీసాలు ఇవ్వడం మొదలుపెట్టాక ఈ గవాక్షాలు విస్తృతంగా చిత్రాలకెక్కాయి. 1947లో నగరపు ప్రాకారాన్ని కూల్చివేశాక సంపన్న వర్తక కుటుంబాలు క్రమంగా కొత్త పేటలకు తరలిపోయాయి. వారు విడిచిన ఇళ్ళలో అద్దెకు చేరినవారిలో విదేశీ శ్రామికులే ఎక్కువ. ఈ విషయం తెలిసిన తరువాత గవాక్షం చిత్రాన్ని మునుపటిలా చూడలేం. దశాబ్దాల పాటు ఆ కిటికీ వెనుక వంట చేసుకుని, బట్టలారేసుకుని, నిద్రపోయినవాడిని తప్పించి తీసినప్పుడే అది 'పాత పట్టణం'గా కనిపిస్తుంది.

రెండవది తీరం. పాత రేవులో లంగరు వేసిన చెక్క ఓడ గల్ఫ్ తీరపు ఛాయాచిత్రానికి పెట్టని ఆభరణం. ఈ ఓడలకు వాడిన టేకు చాలాకాలం మలబారు నుంచి వెళ్ళింది. ఆ తీరంలో మునిగి తీసిన ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాదు చేరి 'బస్రా ముత్యాలు'గా ప్రసిద్ధి పొందాయి. ఆ ముత్యాలకు రంధ్రాలు వేసే పనితనం నగర పరిసరాల్లోని చందన్‌పేట వంటి గ్రామాల్లో వృత్తిగా నిలిచింది. జపాను పెంపకపు ముత్యాలు, ఆర్థిక మాంద్యం కలిసి 1930లలో గల్ఫ్ ముత్యాల వేటను దెబ్బతీశాయి. కాబట్టి ఓడ చిత్రంలో కనిపించే 'స్వచ్ఛమైన అరబ్బు గతం' నిజానికి రెండు తీరాల ఉమ్మడి గతం. తెలుగు యాత్రికుడు దాన్ని పరాయి అద్భుతంగా చిత్రించినప్పుడు తన ఊరి చరిత్రలో ఒక భాగాన్నే గుర్తుపట్టకుండా దాటిపోతున్నాడు.

మూడవది ఎడారి. రుబ్ అల్ ఖాలీ విస్తీర్ణం సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. దాని పేరుకే 'శూన్య చతుర్థాంశం' అని అర్థం. ఎడారి చిత్రంలో స్థిరపడిన పద్ధతి సూర్యుణ్ణి వెనుక పెట్టుకుని మనిషినీ ఒంటెనూ నల్లని నీడబొమ్మలుగా చూపడం. ఇది అందమైన పద్ధతే. కాని దీనివల్ల కలిగే ఫలితం ఒకటుంది. నీడబొమ్మకు ముఖం ఉండదు కాబట్టి పేరు అడగవలసిన అవసరం రాదు. ఒంటెల వెంట నడిచే ఆ మనిషి బెదూ కావచ్చు. జగిత్యాల దగ్గర ఊరి నుంచి డ్రైవరు పని అని చెప్పి తీసుకువస్తే మజ్రాలో కాపరిగా మిగిలినవాడూ కావచ్చు. చిత్రం ఆ రెంటి మధ్య తేడా చూపదు. కళాసాధనం ఇక్కడ తటస్థంగా లేదు. తెలుసుకోవలసిన బాధ్యత నుంచి ప్రేక్షకుణ్ణి విడిపిస్తున్నది.

5. వీరాస్వామయ్య పద్ధతి

తెలుగులో ఇందుకు ప్రత్యామ్నాయ సంప్రదాయం ఉందా? ఉంది, అది మొదటిదే. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారి పొడవునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసి పంపిన వివరాలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి.

ఈ గ్రంథంలో ప్రకృతి వర్ణన ఉంది, కాని ప్రాధాన్యం దానిది కాదు. ఒక మజిలీకి మరొక మజిలీ ఎన్ని ఆమడలు, దారి ఎటువంటిది, నీటి వసతి ఉందా, అంగళ్ళలో ఏమి దొరుకుతుంది, దిగడానికి చోటుందా, పల్లకీ మోసే బోయీలకు ఏ ఇబ్బంది కలిగింది అనే విషయాలే రచనకు ఎముకల గూడు. తన వెనుక ఆ దారిన వచ్చేవాడికి పనికిరావాలన్న దృష్టి ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. వీరాస్వామయ్య పల్లకీలో కూర్చున్నవాడే, మోసినవాడు కాదు. ఆ హోదాభేదాన్ని దాచవలసిన అవసరం లేదు. అయితే మోసేవాడిని అతడు తన కథనం నుంచి తొలగించలేదు. అతడు లేనిదే ప్రయాణం లేదన్న ఎరుక రచనలోనే ఉంది.

ఇక్కడి నుంచి యాత్రా రచనకు మూడు లక్షణాలను తీయవచ్చు. ఒకటి, అది ఒక నిర్దిష్ట సంబోధ్యుడికి రాసినది. రెండు, ప్రయాణాన్ని సాధ్యం చేసిన శ్రమను చట్రంలో నిలిపి ఉంచుతుంది. మూడు, బతకడానికి కావలసిన వివరాలను సౌందర్యానికి అడ్డంగా భావించదు. తరువాతి కాలంలో నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' వంటి రచనల్లో దృశ్యానుభూతి ప్రధానమైన ధార బలపడింది. దాని విలువ దానికుంది. కాని ఆ ధారను మాత్రమే యాత్రా సాహిత్యానికి ప్రమాణంగా తీసుకుంటే వీరాస్వామయ్యే ప్రమాణం తప్పుతాడు.

6. ఇంటికి పంపిన ఫోటో

ఈ మూడు లక్షణాలతో గల్ఫ్ కార్మికుడు ఇంటికి పంపిన ఛాయాచిత్రాన్ని పరిశీలిస్తే దాని స్వరూపం స్పష్టమవుతుంది. ఉత్తర తెలంగాణ ఇళ్ళలో పరిచితమైన చిత్రం ఇది: ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు, ఎవరిదో కారు మీద ఆనించిన చెయ్యి, వెనుక ఎత్తైన భవనం లేదా సముద్రతీరపు రెయిలింగు. సంబోధ్యుడు ఎవరో అందులో సందేహం లేదు. భార్య, తల్లి, బాకీ ఇచ్చినవాడు, పిల్లనివ్వబోయేవాడు. మొదటి లక్షణంలో ఇది వీరాస్వామయ్య ఉత్తరానికి సోదరస్థానంలో ఉంది.

రెండవ లక్షణంలో మాత్రం ఇది విఫలమవుతుంది. ఈ చిత్రంలో పని కనిపించదు. లేబర్ క్యాంపులో అంతస్తుల మంచాలు, మిట్టమధ్యాహ్నపు ఎండ, అఖామా గడువు దాటిన భయం ఏవీ చట్రంలోకి రావు. కారు అతడిది కాదు. భవనం కట్టినవారిలో అతడు ఉండవచ్చు గాని అందులో ప్రవేశం ఉండకపోవచ్చు. కాబట్టి విహారయాత్రికుడి చిత్రం అబద్ధం, కార్మికుడి చిత్రం సత్యం అనే తేలిక తీర్పుకు ఇక్కడ ఆస్కారం లేదు. ఇద్దరూ శ్రమను దాస్తున్నారు.

తేడా దాచడంలో లేదు, ఎవరి నుంచి ఎందుకు దాస్తున్నారనే దానిలో ఉంది. విహారయాత్రికుడి చిత్రం అపరిచిత ప్రేక్షకుడి కోసం ఇతరుల శ్రమను దాస్తుంది. దానివల్ల దృశ్యం అందగిస్తుంది. కార్మికుడి చిత్రం తనవారి కోసం తన శ్రమనే దాస్తుంది. దానివల్ల ఇంట్లో ఆ రాత్రి నిద్ర పడుతుంది. మొదటి దాపరికం అలంకారశాస్త్రానికి చెందినది. రెండవది సంసారానికి చెందినది. రెండవదానికి స్టూడియో సంప్రదాయపు వారసత్వం కూడా ఉంది. లాలా దీన్‌దయాళ్ వంటి ఛాయాచిత్రకారులు సికింద్రాబాదులో స్టూడియోలు తెరిచిన కాలం నుంచి, తనది కాని కుర్చీలో కూర్చుని, రంగుల తెర ముందు, కోరుకున్న రూపంలో కనిపించడం మర్యాదగా స్థిరపడింది. ఎడారి నగరంలోని కారు ఆ తెర స్థానంలో వచ్చింది.

మూడవ లక్షణం చిత్రంలో ఉండదు, దాని చుట్టూ ఉంటుంది. వెనుక రాసిన తేదీ, జతచేసిన ఉత్తరం, మాటలు నింపి పంపిన క్యాసెట్, ఇటీవలి కాలంలో ఫోన్‌లో చిత్రం వెంట వచ్చే గొంతు సందేశం. ఎంత పంపింది, ఎవరి బాకీ తీర్చాలి, వర్షం పడిందా, బావిలో నీళ్ళున్నాయా అనేవి వాటిలోని విషయాలు. నీటి వసతి గురించి మజిలీ మజిలీకీ రాసిన వీరాస్వామయ్య గద్యానికి ఇవి దూరపు చుట్టాలు కావు. అందుచేత ఛాయాచిత్రాన్ని ఒంటరిగా తీసుకుని 'కళాత్మకత లేదు' అని పక్కన పెట్టడం పద్యం తీసేసి తాత్పర్యం మీద తీర్పు చెప్పడం వంటిది.

7. హైదరాబాదు లోపలి అరేబియా

ఈ చర్చకు హైదరాబాదు నగరమే ఒక ఎదురు ఉదాహరణ ఇస్తుంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి పంతొమ్మిదవ శతాబ్దంలో అరబ్బులు నిజాము సైన్యంలో కొలువుకు వచ్చారు. నగర దక్షిణాన బార్కస్ పేట వారి వారసుల నివాసం. ఆ పేరు సైనిక నివాసమనే అర్థం గల ఆంగ్ల పదం 'బ్యారక్స్' నుంచి వచ్చింది. నాటి ప్రయాణ దిశ నేటికి సరిగ్గా తలకిందులు. జీతం కోసం అరేబియా మనిషి దక్కనుకు వచ్చాడు, ఇంటికి డబ్బు పంపాడు. జమేదార్లుగా ఇక్కడ సంపాదించిన ధనం, పలుకుబడితో ఖుఐతీ వంశం ముకల్లా, షిహ్ర్, శిబామ్ పట్టణాల మీద అధికారం స్థాపించుకుంది.

శిబామ్ పచ్చిఇటుకల మేడల పట్టణం. అక్కడి నిర్మాణాల్లో అధికభాగం పదహారవ శతాబ్దం నాటివి. 1982లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 1936లో వెలువడిన ఫ్రేయా స్టార్క్ పుస్తకం నుంచి నేటి వరకు ఈ మేడలను కాలాతీతమైన ఎడారి అద్భుతంగా చిత్రించడం ఆనవాయితీ. ఆ అద్భుతపు చరిత్రలో హైదరాబాదు కొలువు జీతం కూడా ఒక పొర అని తెలిసిన తెలుగు పాఠకుడు ఆ చిత్రాన్ని వేరుగా చదువుతాడు. బార్కస్‌కు వచ్చిన సిపాయి ప్రయాణాన్ని చరిత్రగా గౌరవించి, సిరిసిల్ల నుంచి వెళ్ళిన మేస్త్రీ ప్రయాణాన్ని సమస్యగా మాత్రమే చూడడంలో ఉన్న వైరుధ్యం కూడా అతడికి కనిపిస్తుంది.

8. ఉపసంహారం

అరేబియా ఛాయాచిత్రాలను చదవడానికి ఈ వ్యాసం మూడు ప్రశ్నలను ప్రతిపాదించింది. చిత్రం ఎవరిని సంబోధిస్తున్నది? ఆ ప్రయాణాన్నీ ఆ దృశ్యాన్నీ సాధ్యం చేసిన శ్రమ చట్రంలో ఉందా, లేకపోతే ఎవరి మేలుకోసం తొలగింది? చిత్రం చుట్టూ ఉన్న మాటలు ఏమంటున్నాయి? ఈ ప్రశ్నలు విహారయాత్రికుడికీ, కార్మికుడికీ సమానంగా వర్తిస్తాయి. సౌందర్యదృష్టిని ఇవి నిరాకరించవు. నీడబొమ్మకు ముఖం ఉందని మాత్రం గుర్తుచేస్తాయి.

ఈ పని వాయిదా వేయదగినది కాదు. యాత్రా గ్రంథాలు అచ్చయి గ్రంథాలయాల్లో నిలుస్తాయి. ఇళ్ళలోని ఫోటోలకు చెద పడుతుంది, క్యాసెట్ల టేపు పాడవుతుంది, ఫోన్ మారినప్పుడు గొంతు సందేశాలు చెరిగిపోతాయి. తొలితరం గల్ఫ్ కార్మికులు ఇప్పుడు వృద్ధులు. జానపద గేయాలను ఊరూరా తిరిగి సేకరించిన అనుభవం తెలుగు శాఖలకు ఉంది. కుటుంబాల అనుమతితో, వ్యక్తుల గోప్యతను కాపాడుతూ, చిత్రాన్నీ దానితో వచ్చిన మాటనూ కలిపి సేకరించే ప్రణాళిక ఆ అనుభవానికి సహజమైన కొనసాగింపు అవుతుంది. అలా సేకరించినవాటిని ఏ అల్మారాలో పెట్టాలనే ప్రశ్న అప్పుడు మళ్ళీ వస్తుంది. ఆ నాటికి 915.3 పక్కన వాటికి చోటు చూపగల వాదనను సిద్ధం చేసి ఉంచడం విమర్శ బాధ్యత.